థార్పార్కర్ ఆవులు తెచ్చిన నాటి నుంచి ఇంట్లో దూడ పుట్టేదాకా: నా అనుభవం

రాజస్థాన్ నుంచి థార్పార్కర్ ఆవులు తెచ్చానని తెలిసినప్పటి నుంచి నా ఈడు కుర్రాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ముందు రోజుకు ఎన్ని లీటర్లని అడుగుతారు, తర్వాత ఆవు ఎంత పడిందంటారు. ఆ రెండింటికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని జాతిని పెట్టుకున్నాక దాన్ని అదే జాతితో చూడి కట్టించడం, అంటే గర్భం నిలపడం ఎలా, ఈలోపు పాలు ఆగి వట్టిపోయిన ఆవులను ఏం పెట్టి మేపాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. నన్ను ఏడాదిన్నర తిప్పలు పెట్టింది అదే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లా. నాయన దగ్గర రెండు హెచ్‌ఎఫ్ సంకర ఆవులు (విదేశీ హోల్‌స్టీన్ జాతి కలిసినవి) ఉండేవి. ఏప్రిల్ వస్తే చాలు, నోరు తెరుచుకుని రొప్పుతూ నిలబడేవి, పాలు సగానికి పడిపోయేవి. ఎడారిలో పుట్టిన జాతి అయితే మా ఎండకు ఆగుతుందని నా లెక్క. 2022 ఆగస్టులో గట్టిగా అనుకున్నా. అదే సమయంలో రాజస్థాన్‌లో పశువుల ఒంటి మీద గడ్డలు లేపే లంపీ స్కిన్ జబ్బు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెడుతోంది. ఆ ఏడు పుష్కర్ తిరునాళ్లకు కూడా పశువులను రానివ్వలేదు. ఇక నేను పోయి తెచ్చేదేముంది? చలికాలమంతా ఆగాల్సి వచ్చింది.

ఆ ఖాళీలో లోన్ పని పెట్టుకున్నా. పాడి పశువులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. అప్పట్లో లక్షా అరవై వేల దాకా తాకట్టు అడిగేవాళ్లు కాదు. అయినా బ్యాంకులో నెలన్నర తిరిగా. "ఈ జాతి పేరు మా లిస్టులో లేదు, జెర్సీ అని రాసుకోమంటావా?" అని అడిగారు. చివరికి "దేశవాళీ ఆవు" అని రాసుకుని ఇచ్చారు. మిగతా డబ్బుకు అమ్మ గాజులు బ్యాంకుకు పోయాయి.

2023 ఉగాది మరుసటి రోజు బయల్దేరా. రైల్లో జోధ్‌పూర్, అక్కడి నుంచి బస్సులో జైసల్మేర్ వైపు. చైత్రంలో లూణీ నది ఒడ్డున తిల్వాడాలో మల్లినాథ్ పేరుతో పెద్ద పశువుల సంత జరుగుతుంది, అక్కడికి పొమ్మని చాలామంది చెప్పారు. నేను సంతలో కొనదలచుకోలేదు. సంతలో ఒక పూట పాలే కనబడతాయి. ముందు పూట పిండకుండా వదిలేస్తే ఆ ఒక్క పూటా పొదుగు కుండలా కనిపిస్తుంది. ఊరి బయట ఒక్కో కుటుంబం పొలంలోనే ఇళ్లు వేసుకుని ఉండే చోట్లను అక్కడ ఢాణీ అంటారు. అలాంటి ఢాణీల్లో తిరిగి, నచ్చిన ఆవు దగ్గర వరుసగా మూడు పూటలు పాలు పిండించి చూశా. పన్నెండు లీటర్లు ఇస్తుందని చెప్పిన ఆవు మూడో పూటకొచ్చేసరికి రోజుకు ఎనిమిది దగ్గర తేలింది. అమ్మేవాళ్లు దీనికేమీ కోపం తెచ్చుకోరు. చాయ్ ఇచ్చి, పడుకోవడానికి మంచం వేస్తారు. మూడు పూటలు చూస్తానన్నవాడికే ఆవు గురించి తెలుసని వాళ్ల నమ్మకం.

ఇంకో చిక్కు జాతి విషయంలో. గుజరాత్ సరిహద్దు వైపు పోయేకొద్దీ కాంక్రేజ్ రక్తం కలిసినవి ఎక్కువ. అవీ బూడిద తెలుపే. కాంక్రేజ్ కొమ్ములు మొదట్లోనే బాగా లావుగా, చాలా పెద్దగా ఉంటాయి. థార్పార్కర్‌కు మధ్యస్థంగా, పక్కలకు వెళ్లి పైకి తిరిగి ఉంటాయి. నా కంటికి అన్నీ ఒకటే అనిపించేవి. అందుకే ఆవును కాక, ఆ ఇంట్లో ఉన్న దాని తల్లిని, అక్కచెల్లెళ్లను చూపించమని అడిగేవాణ్ణి. మంద మొత్తం ఒకే తీరుగా ఉంటే నమ్మకం కుదిరేది.

మూడు ఆవులు, మూడింటికీ పాలు తాగే దూడలు. అరవై ఎనిమిది, డెబ్బై నాలుగు, ఎనభై రెండు వేలు పడ్డాయి. మూడే ఎందుకంటే, పశువుల రవాణాకు 1978 నాటి నిబంధనలు ఉన్నాయి, లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. దూడలతో కలిపి నా లెక్క ఆరు. ధర ఖాయం చేసేముందు చూడి పోయేలా చేసే బ్రూసెల్లా జబ్బు ఉందేమో చూడడానికి రక్తం తీయించా, ఫలితానికి నాలుగు రోజులు పట్టింది. లంపీకి మేకల మశూచి టీకా వేయించిన కాగితాలు కూడా అడిగి తీసుకున్నా.

తర్వాత మొదలైంది అసలు టెన్షన్. రాజస్థాన్ నుంచి ఆవులను బయటికి తీసుకుపోవాలంటే 1995 చట్టం ప్రకారం అనుమతి కావాలి. వ్యవసాయానికో పాడికో తీసుకుపోతున్నానని చూపించాలి. మా సర్పంచ్ ఇచ్చిన లెటరు, పాస్‌బుక్ జిరాక్సు, మా పశువుల డాక్టర్ రాసిచ్చిన కాగితం, అమ్మినవాళ్ల సంతకాలతో రసీదులు, ఇవన్నీ ఇచ్చి కూర్చున్నా. మా కాగితాలు తెలుగులో ఉన్నాయని వెనక్కిచ్చారు. హిందీలోకి రాయించి నోటరీ చేయించాక తీసుకున్నారు. మీరు వెళ్లేటట్టయితే ఇక్కడే ఇంగ్లీషులో చేయించుకుని పోండి. రెండు వారాలు ఒక ధర్మశాలలో పడుకున్నా. ఈలోపు ఆవులను అమ్మినవాళ్లే మేపారు, రోజుకు ఇంత అని దాణా డబ్బులు నేనిచ్చా. అనుమతిలో లారీ నంబర్ కూడా రాస్తారు కాబట్టి, కాగితం వచ్చాక డ్రైవర్ "ఆ బండి వేరే లోడుకు పోయింది, ఇంకోటి పంపుతా" అన్నప్పుడు నాకు కళ్లు తిరిగాయి. ఎంతో బతిమాలితే అదే బండి తెచ్చాడు.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం ఎక్కించాం. కింద ఇసుక, దానిమీద సజ్జ సొప్ప పరిచారు. ప్రయాణానికి పనికొస్తాయన్న డాక్టర్ సర్టిఫికెట్ ఆ రోజు పొద్దునే తీసుకున్నాం. దాదాపు రెండు వేల కిలోమీటర్లు, గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక దాటి రావాలి. పాలన్‌పూర్ దగ్గర ఒక పాంజరాపోల్‌లో (అక్కడి గోశాల) దించి నీళ్లు పెట్టి, సగం రోజు పడుకోబెట్టాం. తర్వాత కూడా ఎండ పొద్దంతా ఏదో ఒక చోట ఆగి, రాత్రిళ్లే నడిపాం. ఒక రాత్రి టోల్‌గేటు దాటాక పది మంది కుర్రాళ్లు బండ్లు అడ్డంపెట్టి ఆపారు. కసాయికి తోలుతున్నామని వాళ్ల అనుమానం. కాగితాలన్నీ చూపించి, ఊర్లో సర్పంచ్‌తో ఫోన్‌లో మాట్లాడించి, దూడలను చూపించేసరికి రెండు గంటలు పట్టింది. చివరికి వాళ్లే ఒక బకెట్ నీళ్లు తెచ్చి ఆవులకు పెట్టారు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చొక్కా లోపల పెట్టుకోండి, క్యాబిన్‌లో వద్దు.

లారీ బాడుగ తొంభై ఆరు వేలు. అంటే ఒక్కో ఆవు మీద ముప్పై రెండు వేలు. దారి ఖర్చులు, నా తిండి, ధర్మశాల అన్నీ కలిపితే మొత్తం మూడు లక్షల నలభై వేలకు చేరింది. ఫోన్ చేసేవాళ్లకు ఆవు ధర చెప్పినప్పుడు ఈ బాడుగ సంగతి కూడా చెప్తా, అవతలివైపు కాసేపు మాట ఉండదు.

ఇంటికొచ్చాక మూడు వారాలు నాయన ఆవులకు దూరంగా పొలంలో వేరే కొట్టంలో కట్టేశాం. మొదటి వారం ఏమీ తినలేదు. నేను ముందే వేసి పెంచిన సూపర్ నేపియర్ పచ్చిగడ్డిని వాసన చూసి తల తిప్పుకున్నాయి. వరిగడ్డిని తొక్కి దానిమీద పడుకున్నాయి. అక్కడ వాటికి సేవన్ గడ్డి, సజ్జ సొప్ప, గోరుచిక్కుడు పొట్టు అలవాటు. మా అవ్వ వచ్చి వేరుశనగ కట్టె ఒక మోపు పడేస్తే మాత్రం ఒక్క పుల్ల మిగల్చలేదు. అక్కడి నుంచి జొన్నసొప్పకు, తర్వాత కొద్దికొద్దిగా కలిపి పచ్చిగడ్డికి మార్చేసరికి జూన్ వచ్చింది.

పాలు? ఎనిమిది లీటర్ల ఆవు మూడుకు దిగింది. మనిషి కొత్త, నీళ్లు కొత్త, పిలుపు కొత్త. పెద్దావు పేరు ధోళీ, అమ్మినవాళ్లు పెట్టిందే. వాళ్ల యాసలో "ధోళీ" అని సాగదీసి పిలిస్తే చెవులు రిక్కించేది. వీడియో కాల్‌లో ఆ ముసలాయన చేత పిలిపించా కూడా, నవ్వకండి. మిగతా రెండింటికీ అమ్మ గంగ, మల్లి అని పెట్టింది. సంకర ఆవుల్లా వీటికి బకెట్ చూపిస్తే పాలు రావు. దూడ వచ్చి నాలుగు గుటకలు తాగితేనే చేపుతాయి, అంటే పాలు దించుతాయి. పిండాక మళ్లీ దూడను వదలాలి. దూడ తాగింది పోను రోజుకు ఒక్కో ఆవు ఐదారు లీటర్ల దగ్గర నిలబడడానికి రెండు నెలలు పట్టింది. పాలకేంద్రంలో వెన్న శాతం బాగా వచ్చేది, 4.8 దాకా పడింది, లీటరుకు నలభై రెండు రూపాయలిచ్చారు. టౌన్‌లో కొన్ని ఇళ్లకు నేరుగా డెబ్బై ఐదుకు పోశా. మా వీధిలో పెద్దాయన ఒకాయన రోజూ అడిగేవాడు: "ఏమప్పా, రాజస్థాన్ దాకా పోయి ఐదు లీటర్ల ఆవును తెస్తివా?" ఎండల్లో అవి మామూలుగా నెమరు వేస్తుంటే నాయన ఆవులు రొప్పుతుండేవి. అది చూపించేవాణ్ణి. ఆయన మాత్రం లీటర్లే లెక్కపెట్టేవాడు.

జులైలో వానలు పడ్డాక పిడుదులు ఎక్కువయ్యాయి. గంగ దూడకు జ్వరం, మెడ దగ్గర గడ్డలు, కళ్లు తెల్లబడ్డాయి. డాక్టర్ పిడుదుల వల్ల వచ్చే థైలీరియా అని అనుమానించి బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ రాశారు. మా ఊరి దగ్గర దొరకలేదు. తెచ్చి వేసేసరికి రెండో రోజు అయింది. నాలుగో రోజు తెల్లవారుజామున చనిపోయింది. దూడకు ఇన్సూరెన్స్ లేదు, ఆవులకే చేయించాం. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అంత దూరం నుంచి తల్లి పక్కనే నిలబడి వచ్చిన దూడ అది. గంగ రెండు రోజులు కొట్టం చుట్టూ అరుస్తూ తిరిగింది. నాయన పైకి ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత గంగ చేపడం మానేసింది. పూర్వం చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టేవాళ్లని అవ్వ చెప్పింది. నాకు చేతులు రాలేదు. ఆక్సిటోసిన్ సూది వేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పాలు పిండడానికి అది వాడడం తప్పు, చట్టం కూడా ఒప్పుకోదు, డాక్టర్ కూడా వద్దన్నారు. ముందు గాడిలో తవుడు, బెల్లం పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, అమ్మ ఒక్కతే దాని దగ్గర కూర్చుని పిండేది. రోజుకు రెండు లీటర్లు వచ్చేది, దసరా నాటికి అదీ ఆగింది.

ఇక చూడి సంగతి. సెప్టెంబరులో ధోళీ ఎదకొచ్చిందని, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిచా. ఆయన వీర్యం డబ్బా తెరిచి ఏ జాతులవి ఉన్నాయో చెప్పాడు: జెర్సీ, హెచ్‌ఎఫ్, సాహివాల్, గిర్. థార్పార్కర్ పేరు ఆయన వినడం అదే మొదలు. "సాహివాల్ వేయించుకో తమ్ముడూ, అదీ దేశీ ఆవే కదా" అన్నాడు. తప్పుడు సలహా ఏం కాదు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే నాలుగు నెలల పాలు ముందే వచ్చేవి. కానీ మూడు లక్షలు పెట్టి అంత దూరం నుంచి తెచ్చింది మొదటి ఈతకే సంకరం చేసుకోవడానికి మనసు ఒప్పలేదు. ఆ ఎద వదిలేశా. ఆవు మళ్లీ ఎదకు రావడానికి 21 రోజులు. ఇలా ఒక్కో ఎద చేతులారా వదులుకుంటూ ఉంటే కలిగే బాధ ఎవరికీ చెప్పుకోలేం. ఆవు మేత మేస్తుంది, పాలు తగ్గుతుంటాయి, కడుపులో ఏమీ ఉండదు.

పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ఇండెంట్ పెడతామన్నారు, కబురు లేదు. ఉత్తరాదిలో వీర్య కేంద్రాలకు ఫోన్లు చేస్తే స్ట్రాలు (వీర్యం నింపిన సన్న గొట్టాలు) ఉన్నాయన్నారు, కానీ పది ఇరవై పంపరు, వందకు తక్కువ కుదరదు. స్ట్రా ధర వంద రూపాయల లోపే. ఖరీదంతా దాన్ని బతికించి ఉంచడంలో ఉంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోంచి ఒక్క నిమిషం బయట పెట్టినా పని అయిపోయినట్టే. మూడు లీటర్ల డబ్బా కొనాలి, రెండు మూడు వారాలకోసారి నైట్రోజన్ నింపించాలి. కర్నూలు జిల్లాలో ఇదే జాతి పెంచుతున్న ఒక రైతు, బళ్లారి వైపు ఒక గోశాల వాళ్లు తోడయ్యారు. ముగ్గురం కలిసి రెండు ఆబోతుల నంబర్ల స్ట్రాలు వంద తెప్పించుకున్నాం. సరుకు నవంబరు చివర్లో వచ్చింది. నా వాటా స్ట్రాలకు డబ్బాతో కలిపి పదహారు వేలు దాటింది.

డిసెంబరులో ధోళీకి మొదటిసారి వేయించాం. ఈ ఆవుల ఎద పట్టుకోవడం తేలిక కాదు. అరవవు, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. చాలాసార్లు రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి తగ్గిపోతుంది. అమ్మ పొద్దున పేడ తీసేటప్పుడు తోకకు అంటిన జిగురు తీగలు చూసి చెప్పేది. పొద్దున కనబడితే సాయంత్రం వేయించాలి. మూడు వారాలకు మళ్లీ పొర్లింది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చింది. జనవరి మధ్యలో ఇంకోసారి వేయించాం. ఫిబ్రవరిలో ఆ తేదీ దగ్గరపడే కొద్దీ రాత్రి లేచి టార్చ్ వేసి తోక చూసేవాణ్ణి. పొర్లలేదు. ఏప్రిల్లో డాక్టర్ చెయ్యి పెట్టి చూసి మూడు నెలల చూడి అన్నారు. అదే నెలలో మల్లికి కూడా నిలిచింది. గంగకు నిలవలేదు.

2024 ఫిబ్రవరికల్లా మూడూ వట్టిపోయాయి. గంగ దసరాకే ఆపేసింది, మిగతా రెండూ ఒకే కాలంలో ఈనినవి కాబట్టి ఒకేసారి పాలు ఆపేశాయి. కొనేటప్పుడే ఒకటి కొత్తగా ఈనింది, ఒకటి నడి పాడిలో ఉన్నది, ఒకటి చూడిది అని చూసుకుంటే ఈ గొడవ ఉండదు. టౌన్‌లో ఇళ్లవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఇక పాలు రావని చెప్పాల్సి వచ్చింది. రూపాయి రాబడి లేకుండా అక్టోబరు దాకా నెలకు ఎనిమిది వేల పైచిలుకు మేత, దాణా. బ్యాంకు వడ్డీ దీనికి అదనం. ఆ వేసవిలో నేను టౌన్‌లో ఒక ఎరువుల షాపులో లెక్కలు రాయడానికి కుదిరా. పాడి రైతునని చెప్పుకుంటూ ఇంట్లోకి పాలప్యాకెట్ కొన్న నెలలు అవి.

దీపావళి ముందు వారం, 2024 అక్టోబరు చివర్లో ఒక రాత్రి ధోళీ ఈనింది. నేను డాక్టర్ నంబర్ చేతిలో పట్టుకుని తిరుగుతుంటే అది ఎవరి సాయమూ లేకుండా గంటలో పని ముగించింది. మాయ కూడా తెల్లారేలోపే పడిపోయింది. కోడెదూడ. అమ్మ దిష్టి తీసింది. నాయన కాసేపు చూసి, "పెయ్య అయ్యుంటే బాగుండేది" అని వెళ్లిపోయాడు. జున్ను వీధంతా పంచాం. లీటర్లు లెక్కపెట్టే పెద్దాయన రెండుసార్లు అడిగి తీసుకున్నాడు. ఈ ఈతలో ధోళీ దూడకు పోను ఏడున్నర లీటర్ల దాకా ఇస్తోంది. నేను కూర్చోగానే చేపుతోంది, వీడియో కాల్ అక్కర్లేదు. 2025 జనవరిలో మల్లికి పెయ్య పుట్టింది. గంగను ఇంకా అమ్మలేదు, వచ్చే ఎద దాకా చూద్దామని ప్రతిసారీ అనుకుంటున్నాం.

కోడె గురించి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అడుగుతున్నారు. రెండున్నర మూడేళ్లు నిండేదాకా దాన్ని ఆవుల మీదికి వదలకూడదని చెప్పి పంపేస్తున్నా. మల్లి పెయ్య మీదికి మాత్రం ఎప్పటికీ వదలం. రెండూ ఒకే ఆబోతు నంబర్ స్ట్రాలకు పుట్టినవి, ఆ నంబర్లు పుస్తకంలో రాసి, చెవిపోగు నంబర్ల పక్కనే పెట్టుకున్నా. కర్నూలు రైతుకు రెండో నంబర్ ఆబోతుతో ఒక కోడె పుట్టింది. ఇద్దరివీ పెద్దయ్యాక మార్చుకుందామని మాట అనుకున్నాం, బాడుగ చెరిసగం. ఆ డబ్బాలో ఇంకా కొన్ని స్ట్రాలు మిగిలి ఉన్నాయి. ఎవరికైనా థార్పార్కర్ ఆవు ఎదకొచ్చే రోజు దగ్గరపడితే ముందే చెప్పండి, నైట్రోజన్ ఉందో లేదో చూసుకోవాలి.